నెల్లూరు, ఒంగోలు నుంచి సైకిలు మీద అరకు కాఫీ కొండలకు

మనవైపు నేల పళ్లెం లాంటిది. నెల్లూరైనా ఒంగోలైనా సముద్రమట్టానికి 20 మీటర్ల లోపే. ఇక్కడ పొద్దున్నే 40 కిలోమీటర్లు తొక్కి వచ్చి ఆఫీసుకు పోయేవాళ్లు కూడా అరకుకు ఎక్కే అనంతగిరి ఘాట్‌లో మూడో మలుపుకే దిగి సైకిలు నెట్టుకుంటూ పోవడం మామూలే. వాళ్ల కాళ్లలో బలానికేం తక్కువ లేదు. మెరక లేని ఊరికి సరిపోయే గేర్లు, సీటు ఎత్తు, బ్రేకులు అట్లాగే కొండకు తీసుకుపోతారు, అక్కడ దెబ్బతింటారు. ఈ మూడూ సరిచేసుకుని, రద్దీ లేని రోజూ వేళా చూసుకుని పోతే అరకు, పాడేరు, చింతపల్లి కాఫీ తోటల దారులు సైకిలుకే పుట్టాయా అన్నట్టుంటాయి.

ఈ ఊళ్లన్నీ 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. అరకు లోయ 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. పాడేరు, లంబసింగి కూడా అటూఇటూగా అంతే. ఒక్కసారి పైకి చేరాక మళ్లీ అంత పెద్ద ఎక్కుడు ఉండదు. చిన్న చిన్న మెరకలు, పల్లాలు, గెడ్డలు (అక్కడ వాగుల్ని అట్లా అంటారు), వంతెనలు. అరబికా కాఫీని నీడలోనే పెంచుతారు కాబట్టి దారి పక్కన సిల్వర్ ఓక్ చెట్లు బారులు తీరి ఉంటాయి, వాటి మొదళ్లకు మిరియాల తీగలు చుట్టుకుని ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా నీడలో తొక్కొచ్చు. మనవైపు రోడ్ల మీద మార్చిలో ఈ మాట అనలేం.

ఎప్పుడు పోవాలి

రద్దీ లేకుండా ఉండాలంటే ముందు క్యాలెండరు చూడాలి. డిసెంబరు, జనవరిలో శని ఆదివారాలు, సంక్రాంతి సెలవులు పూర్తిగా వదిలేయండి. విశాఖ నుంచి కార్లు, బైకులు బారులు కడతాయి. మంగళ, బుధ, గురువారాలు కొండమీద గడిచేట్టు సెలవు పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు గట్టివి. ఘాట్‌లో రాళ్లు జారి పడతాయి. అక్టోబరు, నవంబరులో తుపాన్లు. ఆ రెండు నెలలూ మనవైపు కూడా ఈశాన్య రుతుపవనాల కాలమే కాబట్టి వాయుగుండం కబురు వినిపిస్తే రైలు టికెట్ ఉన్నా ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది.

సంక్రాంతి దాటిన వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా సైకిలుకు అన్నిటికన్నా మంచి కాలం. చలి తగ్గుముఖం పడుతుంది, రోడ్లు పొడిగా ఉంటాయి, సందర్శకులు పలచబడతారు. కాఫీ పళ్ల కోత నవంబరు నుంచి సాగుతుంది కాబట్టి కళ్లాల్లో ఎండబోసిన గింజలు అప్పటికీ కనిపిస్తాయి. పూత చూడాలనుకుంటే మార్చి, ఏప్రిల్. వాన పడిన కొద్ది రోజులకు కాఫీ మొక్కలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి, దారంతా మల్లెల వాసనొస్తుంది. మూడు నాలుగు రోజులు మించి నిలవదు, కాబట్టి దానికోసమే టికెట్ తీస్తే దొరక్కపోవచ్చు. వలిసె పూల పసుపు రంగు కోసమైతే నవంబరు.

వేళ గురించి ఒక మాట. అన్నిచోట్లా తెల్లవారుజామే ప్రశాంతంగా ఉంటుంది గానీ పాడేరు దగ్గరి వంజంగిలో, లంబసింగిలో లెక్క తిరగబడుతుంది. పాలసముద్రంలా పరుచుకునే మబ్బులు చూడడానికి జనం చీకట్లోనే బయల్దేరి, ఎండ ఎక్కగానే దిగిపోతారు. సైకిలు మీద అక్కడికి పది దాటాక చేరండి, దారంతా మీ ఒక్కరిదే అవుతుంది. అనంతగిరి ఘాట్‌లో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఎక్కే బండ్లు, మూడు దాటాక దిగే బండ్లు ఎక్కువ. చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది, లోయలో అంతకన్నా ముందే చీకటి పడుతుంది. రోజూ నాలుగుకల్లా బసకు చేరేట్టు దూరం పెట్టుకోండి. చలికాలపు పొగమంచులో ఏడున్నర లోపు రోడ్డెక్కొద్దు. ఎక్కక తప్పకపోతే వెనక ఎర్రలైటు వెలుగుతుండాలి.

సైకిలు

గేరు లెక్క ఇది: పెడళ్ల దగ్గర ఉండే ముందు పళ్లచక్రం పళ్లను, ఫ్రీవీల్ (వెనుక చక్రానికి బిగించే పళ్లచక్రాల కట్ట) పళ్లతో భాగించి, టైరు చుట్టుకొలత 2.1 మీటర్లతో గుణించండి. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిలు ఎంత దూరం పోతుందో వస్తుంది. ఘాట్‌లో సామానుతో ఎక్కడానికి ఈ సంఖ్య 1.8 మీటర్లు మించకూడదు. ముందు 24, వెనుక 28 పళ్లుంటే సరిగ్గా 1.8. అంటే నిమిషానికి 60 చుట్లు తిప్పుతూ గంటకు ఆరున్నర కిలోమీటర్లతో ఎక్కుతారు. నడక కంటే కాస్త ఎక్కువ, అది చాలు. ముందు 28, వెనుక 28 ఉంటే 2.1 వస్తుంది, ఎక్కగలరు గానీ రెండో రోజుకు మోకాళ్లు మాట్లాడతాయి. ముందు 44, వెనుక 18 పళ్ల మామూలు గేర్లు లేని సైకిలుకు 5 మీటర్లు దాటుతుంది. దాంతో ఘాట్ పొడుగునా నడకే.

ముందు చిన్న పళ్లచక్రం 28 ఉన్నవాళ్లు వెనుక 14-34 పళ్ల ఏడు గేర్ల ఫ్రీవీల్ వేయించుకుంటే 1.73కి దిగుతారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న మార్పు ఇదే. వేయించే ముందు మూడు చూసుకోండి. వెనుక డెరైలర్, అంటే చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం, 34 పళ్ల దాకా పనిచేసే రకమా కాదా. రెండోది చైన్ పొడవు: డెరైలర్‌లోంచి పోనివ్వకుండా చైన్‌ను ముందు పెద్ద పళ్లచక్రం, వెనుక పెద్ద పళ్లచక్రం మీదుగా చుట్టి, కలిసిన చోటి నుంచి ఒక అంగుళం, అంటే ఒక బయటి లింకు, ఒక లోపలి లింకు అదనంగా ఉంచాలి. పొట్టిగా ఉంటే పొరపాటున ఆ గేరు పడినప్పుడు డెరైలర్ విరిగి చేతికొస్తుంది. మూడోది, ఫ్రీవీల్ బిగించే మరలకు గ్రీజు. తొక్కేకొద్దీ ఫ్రీవీల్ తనంతట తనే బిగుసుకుంటుంది. గ్రీజు లేకుండా బిగిస్తే తర్వాత స్పోకు విరిగినప్పుడు ఏ స్పానరుకూ ఊడదు.

కొండమీద సైకిలును రోడ్డు మధ్యలో ఆపేసే పెద్ద లోపం ఒకటుంది. వెనుక పెద్ద పళ్లచక్రం నుంచి చైన్ స్పోకుల్లోకి పడడం. మెరక మీద బలమంతా పెట్టి తొక్కుతుండగా పడితే డెరైలర్ స్పోకుల్లో చిక్కుకుని ముక్కలవుతుంది. ఇంటిదగ్గరే పరీక్షించుకోండి. వెనుక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేయండి. ఇప్పుడు డెరైలర్‌ను బొటనవేలితో స్పోకుల వైపు నెట్టండి. ఒక్క వెంట్రుకవాసి కూడా అటు జరక్కూడదు. జరిగితే డెరైలర్ మీద చిన్న స్క్రూలు రెండుంటాయి, తక్కువ గేరుకు చెందిన స్క్రూను పావు చుట్టు చొప్పున కుడివైపు బిగిస్తూ మళ్లీ నెట్టి చూడండి. అది కదలడం మానేసి, గేరు మాత్రం నున్నగా పడుతున్న చోట ఆపండి.

సీటు. మనవైపు కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనేంత కిందికి దించుకుంటారు. మోకాళ్ల నొప్పికి అదే కారణం. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి కిందికి తిప్పినప్పుడు కాలు నిటారుగా చాగాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. కొత్త ఎత్తుకు అలవాటు పడడానికి రెండు వారాలు పడుతుంది, ప్రయాణానికి ముందు రోజు మార్చొద్దు.

బ్రేకులు రిమ్ముకు పట్టేవైతే రబ్బర్లు కొత్తవి వేయండి. రబ్బరు రిమ్ము పై అంచుకు ఒక మిల్లీమీటరు కిందగా పట్టాలి. పైకి జరిగి టైరును రాస్తే దిగేటప్పుడు టైరు పక్క చీలిపోతుంది. లివరు సగం దూరం లాగేసరికే పట్టు దొరకాలి. కేబులు కొసలు పురి విడిపోయి ఉంటే మార్చేయండి. డిస్కు బ్రేకులైతే ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరు కంటే తగ్గకుండా చూసి, ఒక జత అదనంగా పెట్టుకోండి.

సామాను పదికిలోలు దాటనివ్వొద్దు. వీపు మీద బ్యాగు వేసుకుంటే చెమట, నడుంనొప్పి రెండూ వస్తాయి. క్యారియర్‌కు అటూఇటూ సమాన బరువుతో కింద వేలాడే సంచులు మేలు. పైన కట్టేదానికి కొక్కేల రబ్బరు తాళ్లు వాడొద్దు. గతుకుల్లో కొక్కెం ఊడి స్పోకుల్లో పడుతుంది. పాత ట్యూబును పొడుగ్గా రెండువేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి కట్టండి. పట్టు జారదు, తడిసినా సడలదు. అవసరమైతే చిట్లిన టైరు లోపల అతుకుగా కూడా పనికొస్తుంది.

అరకు, పాడేరులో మోటారు సైకిలు మెకానిక్కులు దొరుకుతారు గానీ గేర్ల సైకిలు సామాను దొరుకుతుందనుకోవద్దు. రెండు ట్యూబులు, పంక్చరు సొల్యూషను, అతుకులు, గరుకు కాగితం, టైరు లీవర్లు రెండు, చేతిపంపు, అలెన్ కీల కట్ట, చైన్ విప్పే పనిముట్టు, రెండు జోడు చైన్ లింకులు, బ్రేకు కేబులు ఒకటి, గేరు కేబులు ఒకటి, డెరైలర్ తగిలించే హ్యాంగర్ మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి. సన్నవాల్వు ట్యూబులున్నవాళ్లు బైకు మెకానిక్కు దగ్గర గాలి పట్టడానికి చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో వేసుకోవాలి. టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్లదైతే గాలి 50 నుంచి 60 పౌండ్లు. 26 అంగుళాల లావు టైరుకు 40 చాలు. సన్నని రేసు టైర్లు ఈ దారికి వద్దు.

మనవైపు సాధన

ఎనిమిది వారాలు పెట్టుకోండి. మెరక లేకపోతే ఎదురుగాలి ఉంది. మధ్యాహ్నం మూడు తర్వాత నెల్లూరు నుంచి మైపాడు వైపు, ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు తొక్కితే సముద్రపు గాలి ముఖానికి కొడుతుంది. గేరు తగ్గించి, ఆగకుండా గంటసేపు ఒకే ఊపుతో తొక్కడం నేర్చుకోండి. ఘాట్ అడిగేది సరిగ్గా అదే. పక్కన ఉన్నవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగే ఊపే సరైన ఊపు. నాలుగో వారం నుంచి సంచుల్లో అటు నాలుగు కిలోలు, ఇటు నాలుగు కిలోలు బియ్యం పోసుకుని తొక్కండి. మొలగొలుకులైనా, మరేవైనా బరువు బరువే. చివరి రెండు వారాల్లో వరసగా రెండు రోజులు 50 కిలోమీటర్ల చొప్పున పోవాలి. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగలిగితే మీరు సిద్ధమైనట్టే.

నిజమైన మెరక, అంతకంటే ముఖ్యంగా నిజమైన పల్లం చూడాలంటే రాపూరు-చిట్వేలు ఘాట్ ఉంది, వెలిగొండల మీద. పట్టపగలు, ఇద్దరు ముగ్గురుగా పోండి. అక్కడ దిగేటప్పుడు బ్రేకుల సంగతి తేలిపోతుంది. దోర్నాల-శ్రీశైలం ఘాట్‌ను మాత్రం సాధనకు ఎంచుకోవద్దు. అది పెద్దపులుల అభయారణ్యం, సైకిలు మీద చెమటలు కక్కుతూ నెమ్మదిగా ఎక్కే చోటు కాదు.

రైల్లో సైకిలు

విశాఖ దాకా రైలే. మీ టికెట్ తీసుకుని స్టేషన్ పార్సిల్ ఆఫీసులో సైకిలును లగేజీగా బుక్ చేస్తే బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలుకుండే సామాను పెట్టెలో, వేస్తారు. రైలుకు రెండు గంటలు ముందుండండి. అట్టముక్క మీద పేరు, దిగే స్టేషను, ఫోన్ నంబరు రాసి రెండు వైపులా కట్టండి. రెండు నిమిషాలే ఆగే రైలైతే సైకిలు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది. కాసేపు ఆగే రైలే ఎంచుకుని, ఎక్కించేదాకా వ్యాన్ దగ్గర నిలబడండి.

విప్పి సంచిలో పెట్టి తమతోపాటు రైలుపెట్టెలోకి తీసుకుపోదామనుకునేవాళ్లకు ఒక కొలత: పెట్టెలోకి అనుమతించే సామాను 100 × 60 × 25 సెంటీమీటర్లు. పెద్ద సైకిలు ఎంత విప్పినా అంతకన్నా పెద్దదే అవుతుంది కాబట్టి టీటీఈ వద్దంటే వాదించే వీలు లేదు. మడిచే సైకిలుకు ఈ తంటా తక్కువ. విప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, కుడివైపు తిప్పితే ఊడుతుంది. చక్రాలు తీసేముందు వెనుక గేరును పెద్ద పళ్లచక్రం మీదికి వేస్తే డెరైలర్ లోపలికి ముడుచుకుని దెబ్బ తప్పించుకుంటుంది. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులైతే ప్యాడ్ల మధ్య అట్టముక్క దూర్చండి. చక్రం లేనప్పుడు లివరు నొక్కుడు పడితే ప్యాడ్లు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి.

దారి

విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు దాదాపు 115 కిలోమీటర్లు. అందులో బొడ్డవర దాటాక అనంతగిరి వైపు ఎక్కేది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. కొండ అలవాటు లేని మనవాళ్లు మొదటిసారి దాన్ని వదిలేసి, పొద్దున విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలెక్కి అరకులో దిగడం మేలు. అదే సొరంగాల దారి. మధ్యలో వచ్చే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాయంత్రానికి సైకిలు బిగించుకుని, లాడ్జి వీధిలో నాలుగు చక్కర్లు కొట్టి గేర్లు చూసుకోండి.

మొదటి రోజు అరకు నుంచి డుంబ్రిగుడ, చాపరాయి దాకా పోయి తిరిగి రండి, పాతిక ముప్పై కిలోమీటర్లు. రెండో రోజు హుకుంపేట మీదుగా పాడేరు, సుమారు 45. మూడో రోజు పాడేరులోనే ఉండి, సామాను లాడ్జిలో వదిలి దగ్గర్లోని మినుములూరు కాఫీ తోటల వైపు తిరగండి. నాలుగో రోజు జి.మాడుగుల మీదుగా చింతపల్లి, మళ్లీ సుమారు 45. అయిదో రోజు లంబసింగి, అక్కడి నుంచి ఘాట్ దిగి నర్సీపట్నం. అక్కడినుంచి తుని స్టేషను ఒక పూట ప్రయాణం. ఎక్కడం రైలు చూసుకుంది, దిగడం మీకు దక్కింది.

దారి అడిగేటప్పుడు వట్టి మాడుగుల అని అడగొద్దు. మాడుగులలు రెండున్నాయి. కొండమీదిది జి.మాడుగుల. హల్వాకు పేరున్న వి.మాడుగుల ఘాట్ కింద మైదానంలో ఉంది. తప్పు మాటకు పాడేరు ఘాట్ మొత్తం దిగిపోతే ఆ రోజు గల్లంతే.

ఈ ఊళ్లను కలిపేది 516ఈ జాతీయ రహదారి. వెడల్పు చేసిన చోట బండ్లు జోరుగా వస్తాయి. దానికి సమాంతరంగా పల్లెల మీదుగా పోయే సన్నదారులు కొంచెం చుట్టయినా వాటినే పట్టుకోండి. బయల్దేరే ముందు "అన్నా, ఈ దారి రోడ్డు దాకా కలుస్తుందా, మధ్యలో తెగిందా?" అని ఇద్దర్ని అడగాలి. ఒకరు బైకు మీద వచ్చినవారైతే మేలు, ఆ మనిషి అప్పుడే ఆ దారి చూసి ఉంటాడు. ఫోన్ సిగ్నలు పోతుంటుంది కాబట్టి మ్యాపు ముందే దింపుకోండి. డబ్బు నోట్లలో ఉంచుకోండి, చిల్లరగా. పోలీసు తనిఖీలు మామూలే. ఆధార్ చేతికందేట్టు పెట్టుకుని, సంచులు సులువుగా విప్పి చూపించేట్టు సర్దుకోండి. ఎవరిచ్చిన పొట్లమైనా, "మా వాళ్లకు ఇవ్వండి" అన్నా, సంచిలో వేసుకోవద్దు.

దిగేటప్పుడు

ప్రమాదాలన్నీ పల్లంలోనే. శిఖరం మీద తడిసిన చొక్కా మార్చి, పొడిది వేసుకుని, దానిమీద గాలి ఆపే కోటు వేసుకోండి. కోటు లేకపోతే చొక్కా లోపల ఛాతీకి న్యూస్‌పేపరు పరుచుకున్నా సరిపోతుంది. చేతులు కొంకర్లు పోతే లివరు పట్టు తప్పుతుంది.

మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేయాలి. మలుపులో గట్టిగా పడితే చక్రం జారుతుంది. లోపలి అంచున కంకర, మట్టి చేరి ఉంటాయి. అటు పోవద్దు. బస్సు హెయిర్‌పిన్ తిరగడానికి రోడ్డంతా వాడుకుంటుంది, అది ఎక్కి వస్తుంటే మీరు పక్కకు ఆగిపోండి. ఒకే బ్రేకు ఎడతెగకుండా పట్టి దిగితే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది. గట్టిగా పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వండి. డిస్కును వేలితో ముట్టుకోవద్దు, చర్మం ఊడివస్తుంది. మంచులో రిమ్ము తడిసి ఉంటే మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు పట్టదు. తడి తుడుచుకుపోయాకే పట్టు వస్తుంది. అంత ముందుగానే లాగాలి.

తోటల మధ్య

పండు రంగు తిరిగాక కోసి, అదే రోజు తొక్క తీసి, కడిగి, టార్పాలిన్ల మీదా సిమెంటు కళ్లాల మీదా ఎండబెడతారు. అయిదారు కిలోల పండ్లకు ఒక కిలో గింజ తేలుతుంది. రోడ్డు అంచున పరిచిన ఆ గింజ మీదుగా చక్రం పోనిస్తే పగిలిన గింజకు ఆ రైతుకు ధర రాదు. దిగి నడిపించుకుపోండి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు వెనుక ఉన్న చేతులు ఈ కళ్లాల దగ్గర కనిపిస్తాయి. సైకిలును మిరియాల తీగ చుట్టుకున్న చెట్టుకు ఆనించొద్దు, తీగ ఊడితే మళ్లీ పట్టుకోవడానికి చాలా కాలం పడుతుంది. సంతలో ఫొటో తీసేముందు అడగండి.

తిండి, నీళ్లు, దోమలు

తొక్కే ప్రతి గంటకూ రెండు అరటిపళ్లో, ఒక పెద్ద పల్లీపట్టీయో కడుపులో పడాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. లీటరు సీసాలు రెండు, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, ఒక్కో పెద్ద పొట్లానికి లీటరు నీళ్లు. గెడ్డ నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరగకాచకుండా తాగొద్దు.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, దోమల మందు, పడుకునేటప్పుడు దోమతెర. ఇంటికొచ్చాక కొన్ని నెలల లోపు ఎప్పుడు చలిజ్వరం వచ్చినా మాత్రలు వేసుకుని చూద్దామని ఆగొద్దు. డాక్టరుకు "పాడేరు వైపు తిరిగొచ్చాను" అని చెప్పి ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.